అయిదో దొప్ప

“మళ్ళీ సదువు,” అంది ఈశ్వరమ్మ.

హేమలత పుస్తకంలోంచి తల ఎత్తలేదు. ఆ పుట అప్పటికే రెండుసార్లు చదివింది. రెండుసార్లూ పెద్దవాడు చచ్చిపోయాడు.

“ఎన్నిసార్లు చదివినా అంతే ఉంటాది అవ్వా. అచ్చయిపోయింది కదా, మారదు.”

“మారదని నాకూ తెల్సు. సదవమంటే సదువు.”

వసారాలో చెక్కసుత్తుల చప్పుడు ఆగి చాలాసేపయింది. కొట్టిన చింతపండు ఒక పక్క, పిక్కలు ఒక పక్క, ఇంకా ముట్టని కాయ గోనె మీద ఒక పక్క. వాటి నడుమ పక్కింటి తెరిసమ్మ సుత్తి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది, ఊరి గొడవ చూడ్డానికి వచ్చి తోపులాటలో ఇరుక్కున్న మనిషిలా. గుంజకు ఆనుకుని కోడలు రమణి. ఆమె చేతులు మాత్రం ఆగలేదు. పిక్క తీసేసిన పండులోనే మళ్ళీ పిక్క వెతుకుతున్నాయి.

హేమలత రమణి కూతురు. పదో తరగతి పరీక్షలు రాసి నిన్ననే హాస్టలు నుంచి వచ్చింది. చదవడమంటే దానికి బడిలో లేచి నిలబడి చదవడమే. ఎక్కడా గొంతు తగ్గదు, ఎక్కడా ఆగదు. ఇవాళ తల్లికి బదులు తనే పుస్తకం అందుకుని, పెద్దవాడు ఎంతవరకు వచ్చాడో వెతికితే ఈ పుట దొరికింది.

“‘వంతెన మీద పొగమంచు పట్టింది. చిన్నవాడు లాంతరు పైకెత్తి మూడుసార్లు ఊపాడు. చిన్నప్పుడు ఏటి అవతల గొర్రెలు కాసే అన్నను అన్నానికి పిలిచిన గుర్తు అది. అవతలి గట్టున ఒక నీడ కదిలింది. పెద్దవాడు వంతెన ఎక్కాడు. ఆ గుర్తును తమ్ముడు ముందురోజే సైనికులకు చెప్పాడని అతనికి తెలియదు. సగం దూరం వచ్చాక...’”

“సాలు,” అంది రమణి.

“సదవనీ.”

“‘సగం దూరం వచ్చాక తుపాకులు పేలాయి. లాంతరు ఏట్లో పడి ఆరిపోయింది. చిన్నవాడు దాన్ని పట్టుకున్న చేతిని చాలాసేపు చూసుకున్నాడు.’”

హేమలత ఆగింది. “ఇక్కడితో ఆ భాగం అయిపోయింది. తరవాతదంతా ముసలామె గురించే. పెద్దవాడు మళ్ళీ ఎక్కడా లేడు.”

చెదిరిన పిక్కల్లోకి కోడి వచ్చి గీరుకుంది. దాన్ని తోలాలని కూడా ఎవరికీ తోచలేదు.

ముందుగా తెరిసమ్మే ఉండబట్టలేకపోయింది. “మరి నూనె గానుగోడి ఇంట్లో అంబలి తాగిందెవుడే? మొన్న పనసపిక్కలు కాల్చుకు తిన్నోడెవుడు? మా ప్రభువు సచ్చి లేచి కాల్చిన చేప తిన్నాడు గానీ, పనసపిక్కలు తిన్నట్టు ఎక్కడా నేదు!”

నవ్వు పుట్టించాలనే అంది. ఎవరి నోటా నవ్వు రాకపోయేసరికి తన మాట తనకే చేదయినట్టు చెంగుతో మూతి తుడుచుకుంది.

నిజానికి ఆ పుస్తకం ఆ ఇంటికి చదవడానికి రాలేదు, పొట్లాలు కట్టడానికి వచ్చింది. అనంతగిరి చుట్టుపక్కల కొండ ఊళ్ళలో మిరియాలు, పసుపు, చింతపండు కొని అరకు సంతలో అమ్మే మనిషి ఈశ్వరమ్మ. పొట్లాల కోసం ఎస్.కోట నుంచి తెప్పించిన పాత కాగితాల కట్టలో, అట్ట లేకుండా, పేరు లేకుండా అది తగిలింది. ముందు ఇరవై పుటలు మిరియాలతోపాటు ఎవరెవరి వంటిళ్ళకో వెళ్ళిపోయాయి. ఇరవై ఒకటో పుట చింపబోయి రమణి ఆగింది. ఆగి చదివింది. చదివి పక్కన పెట్టింది.

ఎక్కడిదో చలిదేశం. ఒక్క భాష మాట్లాడేవాళ్ళు, ఒక్క ఏటి నీళ్ళు తాగేవాళ్ళు రెండుగా చీలి కాల్చుకున్న యుద్ధం. ఒక ముసలితల్లి. సర్కారు సైన్యంలో చిన్నకొడుకు, తిరగబడ్డవాళ్ళలో పెద్దకొడుకు. వాళ్ళ పేర్లు నోరు తిరగక వసారాలో ఆడవాళ్ళు పెద్దోడు, సిన్నోడు, ముసిల్ది అని పెట్టేసుకున్నారు. మధ్యాహ్నం పూట చింతపండు కొట్టే చేతులకు పని, చెవులకు తీరిక. రమణి చదివిన రోజు ఎవరూ నీళ్ళకని లేవలేదు, ఆకుచుట్టకని లేవలేదు, రెండు గోనెల పండు ఎక్కువ తేలింది. ఈశ్వరమ్మ ఒప్పుకున్నది అందుకే. మొదటి వారం అందుకే.

ఆ తరవాత వేరే లెక్క వచ్చి చేరింది. ఆమె పెద్దకొడుకు, రమణి మొగుడు సుక్రు తొమ్మిదేళ్ళ కిందట లోపలికి వెళ్ళిపోయాడు. ఆ కొండల్లో ఆ మాటకు ఎవరూ అర్థం అడగరు. అడవిలో తుపాకీ పట్టినవాళ్ళలో కలిశాడని. మూడేళ్ళ కిందటి వరకు ఏడాదికొక్క కబురైనా వచ్చేది. తరవాత అదీ లేదు. అప్పటి నుంచి కొడుకు ఉన్నాడో లేడో తెలియని తల్లికి, ఎవడో రాసిన పుస్తకంలో ఇంకెవరి కొడుకో రోజుకొక ఊరు దాటి ఇంటి వైపు నడుస్తూ ఉంటే, తన ఇంటి వైపే నడుస్తున్నట్టు ఉండేది.

రేపు మామిడి కొత్త. కొత్త మామిడికాయ ఇంట్లోవాళ్ళ నోట పడకముందే చనిపోయిన పెద్దలకు పెట్టాలి. ఒక్కొక్కరికి ఒక్కొక్క అడ్డాకు దొప్ప, పేరు పిలిచి. ఈశ్వరమ్మ ఇంట నాలుగు దొప్పలు: మామ, అత్త, బావ, మొగుడు. బతికున్నవాడి పేరు పిలిస్తే వాడి ఆయుష్షు తెగుతుంది. చనిపోయినవాడి పేరు పిలవకపోతే వాడు ఆకలితో ఇంటి చుట్టూ తిరుగుతాడు. అందుకే మూడేళ్ళుగా ఆమె అయిదో దొప్ప కుట్టలేదు, కుట్టనివ్వలేదు. మొన్న సోమవారం చిన్నకొడుకు కామేష్ “ఈ యేడు అన్నకీ పెట్టీద్దాం అమ్మా” అన్నందుకే అంబలి కుండ వాడి కాళ్ళ దగ్గర పగిలింది.

“ఎప్పట్నించే?” అంది ఈశ్వరమ్మ.

రమణి వేళ్ళు ఆగాయి.

“నిన్నే. ఈ బూటకం సదువు ఎప్పట్నించి?”

“వంతెన కాడి నుంచి.”

“గానుగోడి ఇల్లు?”

“నేదత్తా.”

“ముసిల్ది రోజూ గుమ్మంలో దీపం పెట్టడం?”

“నేదు.”

“ఇంకో రెండు రోజుల నడక, ఇల్లొచ్చీసినట్టే అన్నావు నిన్న.”

“అన్నాను.” రమణి చేతిలోని పండు కింద పెట్టేసింది. “ఎంత నడిపించినా ఇల్లు రానీకూడదనుకున్నాను. వస్తే ఆపాల కదా. ఆపితే నువ్వు అడుగుతావు.”

“పుటలు తిప్పేదానివి.”

“ఉత్తినే తిప్పాను.”

ఈశ్వరమ్మ తిట్టలేదు. తిడుతుందని తెరిసమ్మ చెవులు సిద్ధం చేసుకుని కూర్చుంది గాని, ఆమె చూపు వాకిట్లో ఆరేసిన మిరియాల చాప మీదికి పోయింది.

మిరియపు గింజ ఒకటి పంటి కింద పెడితే చాలు, ఎన్ని ఎండలు ఎండిందో చెప్పేయగల మనిషి ఆమె. బరువు కోసం నీళ్ళు చల్లి తెచ్చినవాడిని గుమ్మం దగ్గరే తిప్పి పంపుతుంది. గోనె అడుగున రాయి పెట్టినవాడి పేరు ఏడేళ్ళయినా మరిచిపోదు. అలాంటిది, మంచు కురిసే దేశంలో పనసచెట్టు ఎక్కడిదని ఆమెకు ఆ రోజే తోచింది. గానుగోడి పెళ్ళాం మాట్లాడే మాటలు అచ్చం రమణి తల్లి మాటల్లా ఉన్నాయనీ తోచింది. తోచినా అడగలేదు. తడి సరుకని తెలిసి తెలిసీ కొని ఇంట్లో దాచుకుంది. ఇప్పుడది బూజు పట్టిందని ఎవరి మీద పడుతుంది?

“సరే,” అంది చివరికి. “అమ్మినదానికీ తప్పుంది, కొన్నదానికీ తప్పుంది. తెరిసమ్మా, వంతెన సదివిన రోజు మనం ఏ ఊరి పండు కొట్టాం?”

“ఆ పీచు పండే కదప్పా. మడ్డిగుడది. నా బొటనేలి గోరు లేచిపోయింది, ఇదిగో సూడు.”

“మడ్డిగుడ పండు సంత మర్నాడు దిగింది. అంటే శనివారం.” ఈశ్వరమ్మ ఒక్కొక్క పిక్క తీసి నేల మీద పెడుతూ చెప్పింది. “గురువారం దాకా నువ్వు అచ్చులో ఉన్నదే సదివావు. శనివారానికి అబద్ధం మొదలెట్టావు. నడుమ శుక్రవారం. మోకాలు పట్టీసిందని ఆ సంతకి నాను ఎల్లనేదు. నువ్వెల్లావు.”

రమణి తల దించుకుంది.

“నా కోడలు ఊరికే అబద్ధం ఆడే మనిషి కాదు. పదహారేళ్ళు సూసాను. సంతలో ఎవులు కలిసారు?”

“హేమా, బిందె పట్టుకుని కుళాయికెళ్ళమ్మా,” అంది రమణి.

“నన్ను పంపీకమ్మా.” హేమలత పుస్తకంలో వేలు పెట్టి మూసింది. మొట్టమొదటిసారి దాని గొంతు తగ్గింది. “మా నాన్న సంగతే కదా.”

ఆ మాటతో వసారా మొత్తానికి తెలిసిపోయింది. ఇంక చెప్పాల్సింది ఏమీ మిగల్లేదు. అయినా రమణి చెప్పింది. ఏ మాటనూ పెంచకుండా, తుంచకుండా, అచ్చు చదివినట్టు చెప్పింది.

“పైడయ్య కనిపించాడు.”

పైడయ్య పక్క ఊరివాడు. సుక్రుతోపాటే లోపలికి వెళ్ళినవాడు. రెండు నెలల కిందట లొంగిపోయి, డొంకరాయి వైపు అత్తారింట్లో ఉంటున్నాడని విన్నారు.

“కోళ్ళ కాడ నిలబడ్డాడు. నన్ను సూసి మొకం తిప్పీసుకున్నాడు. నానే ఎల్లి అడిగాను. మూడేళ్ళయింది వొదినా అన్నాడు.”

“మూడేళ్ళు,” అంది ఈశ్వరమ్మ.

“మూడేళ్ళ కిందట, మామిడి కొత్తకి వస్తన్నాడంట. ఒక్కడూ. తుపాకీ అక్కడే ఒగ్గీసి, మరి తిరిగెళ్ళనని సెప్పీసి బయల్దేరాడంట. ఏరు దాటతంటే...”

“శవం?”

“నేదత్తా. ఏటికి నీరొచ్చి ఉందంట. ఏరు తీసుకుపోయింది. అందుకే ఏ కాయితంలోనూ ఎక్కనేదు, మనకి సెప్పినోడు నేడు.”

తెరిసమ్మ గుండెల మీద సిలువ గుర్తు వేసుకుంది. హేమలత ఏడవలేదు. తండ్రి వెళ్ళిపోయినప్పుడు దానికి ఆరేళ్ళు. ఏడవడానికి ఏ ముఖం తలచుకోవాలో వెతుకుతున్నట్టు గోడ వైపు చూస్తూ ఉండిపోయింది.

ఈశ్వరమ్మ కళ్ళు కూడా పొడిగానే ఉన్నాయి. మూడేళ్ళు. ఆ మూడేళ్ళలో ఎన్నిసార్లు వాడికి జ్వరం రాకూడదని మొక్కింది. ఎన్ని వానలకు వాడు ఎక్కడ తలదాచుకున్నాడోనని లేచి కూర్చుంది. పోయినేడు వాడి కోసమని ఒక పంది పిల్లను విడిగా పెంచింది. లేనివాడి కోసం పడిన దిగులంతా ఎవరికి చెందినట్టు? తిరిగి రాని పెట్టుబడి అని తెలిసినా, ఇంకో మూడేళ్ళు అలాగే పెట్టమంటే పెట్టేది. అదీ పోయింది ఇప్పుడు.

“నాకు సెప్పీవలిసింది,” అంది.

“సెప్పడానికే వచ్చాను ఆ రోజు. గుమ్మంలో అడుగు పెట్టేసరికి నువ్వేటన్నావు? ‘ఒలే రమణీ, బేగి రా, సిన్నోడు లాంతరు ఎత్తాడు కదా, పెద్దోడు దాటాడో నేదో రేపు ముందది సదువు’ అన్నావు.” రమణి చేతులతో ముఖం మూసుకుంది. వేళ్ళ సందుల్లోంచి మాట వచ్చింది. “పుస్తకంలో సంపీసి, ఇంట్లోనూ సంపీసి, రెండు సావులు ఒక్క నోటితో ఎలా సెప్పనత్తా?”

ఈశ్వరమ్మ కోడలి వైపు జరిగింది. ఓదార్చడానికని తెరిసమ్మ అనుకుంది. కాదు.

“ఇంకేటన్నాడు పైడయ్య?”

“ఇంకేటీ నేదు.”

“ఉంది. నువ్వు గోనె కట్టీసి అడుగున కొంచెం ఒదిలీసావు. తియ్యి.”

వాకిట్లో మిరియాల మీద ఎండ జరిగి సగం చాప నీడలోకి వచ్చింది.

“కాసుకుని ఉన్నోళ్ళకి ఆ రేవు ముందే తెల్సంట,” అంది రమణి చివరికి. “ఏటికి ఇరవై రేవులున్నాయి, ఆ రేవు కాడే ఎందుకు కూకుంటారు వొదినా అన్నాడు. తెలిసినోడు సెప్పకపోతే అన్నాడు. నాను మరి ఇననేదు. వచ్చీసాను.”

ఈశ్వరమ్మ నేల మీద పెట్టిన పిక్కల్ని చేత్తో తుడిచేసింది. కొత్తగా మూడు పెట్టింది.

మూడేళ్ళ కిందట తేనె అమ్ముకునేవాడు ఒకడు ఈ వసారాలోనే కూర్చుని ఆ కబురు చెప్పాడు. ‘మామిడి కొత్తకి వస్తాడంట. మేం ఈత నేర్చుకున్న రేవు కాడ దాటతానని సెప్పమన్నాడు.’ అది ఏ రేవో తేనెవాడికి తెలియదు. అడగనూ లేదు. తెలిసినవాళ్ళు ముగ్గురే. ఈత నేర్చుకుంటుంటే గట్టున బెత్తం పట్టుకుని నిలబడ్డ తల్లి ఒకతి. పెళ్ళయిన కొత్తలో ఆ కథ విని నవ్విన పెళ్ళాం ఒకతి. మూడోవాడు, అన్న వీపు మీద ఎక్కి ఈత నేర్చుకున్నవాడు.

మొదటి పిక్క తీసేసింది. అది తను. రెండో పిక్క మీద వేలు పెట్టి రమణి వైపు చూసింది. కోడలి ముఖం చూసి అదీ తీసేసింది.

ఒకటి మిగిలింది.

ఆ యేడు కామేష్ జీపు పోలీసు కేంపు వాళ్ళకు కిరాయికి తిరిగేది. ఎదురు చెప్పలేని కిరాయి అది. పిలిస్తే వెళ్ళాలి, అడిగితే చెప్పాలి. మామిడి కొత్త వెళ్ళిన మర్నాడే వాడు ఆ కిరాయి మానేశాడు. ఎందుకురా అంటే టైర్లు అరిగిపోతున్నాయన్నాడు. బుద్ధి వచ్చింది అనుకుంది ఆమె. మొన్న సోమవారం అయిదో దొప్ప మాట ఎత్తినప్పుడు వాడు ఇంకో మాట కూడా అన్నాడు. “మనమెందుకు, పూజారి సేత పెట్టిద్దాం.” కోపంలో ఆ మాట ఆమెకు అప్పుడు అందలేదు. ఇప్పుడు అందింది.

ఆ ఇంటి పద్ధతిలో అన్న దొప్ప తమ్ముడే పెట్టాలి. ఆ చావులో చెయ్యి ఉన్నవాడు మాత్రం దొప్ప ముట్టకూడదు. ముడితే పోయినవాడు ముద్ద ముట్టడు. ఎప్పుడో ఆమె కాపురానికి వచ్చిన కొత్తలో, పై ఊళ్ళో భూమి తగాదాలో బావ చచ్చిపోతే, కొత్త పండగనాడు దొప్ప దగ్గర నిలబడి చెయ్యి చాచలేక దాయాది ఒకడు అలాగే నడిచి కొండ దిగిపోయాడు. మళ్ళీ ఎవరికీ కనబడలేదు. పోలీసులు లేరు, పంచాయితీ లేదు. దొప్పే తేల్చింది.

“పుస్తకం ఇలా తే,” అంది.

“నీకు చదవడం రాదు కదవ్వా.”

“అచ్చరాలు రావు. ఇయ్యి.”

హేమలత వేలు పెట్టిన చోటే తెరిచి ఇచ్చింది. ఈశ్వరమ్మ దాన్ని వెలుగులోకి తిప్పి పట్టుకుంది. ప్రతి పుట అంచునా రమణి వేళ్ళ చింతపండు మరక ఉంది, గోధుమరంగుగా, ఒక్క చోటే. సరుకు చూసే కళ్ళతో ఒక్కొక్క పుట తిప్పింది. గోధుమ మరక. గోధుమ మరక. గోధుమ మరక.

వంతెన పుట మీద గోధుమ మరక పక్కనే ఇంకోటి ఉంది. నల్లగా, వెడల్పుగా, బొటనవేలి గీతలన్నీ విడివిడిగా కనిపించేంత గట్టిగా అదిమి పెట్టింది. ముక్కు దగ్గర పెట్టుకుంది. జీపు గ్రీజు వాసన.

వంతెన చదివిన ఆ శనివారం కామేష్ వాకిట్లో జీపు కింద పడుకుని ఏదో బిగిస్తున్నాడు. చిన్నోడు లాంతరు ఎత్తాడు అని రమణి చదివినప్పుడు స్పానర్ చప్పుడు ఆగింది. పెద్దోడు దాటేశాడు అని చదివినప్పుడు కూడా అది మళ్ళీ మొదలవలేదు. వాడికి ఇంటరు దాకా చదువు వచ్చు. పుస్తకం అటక మీదే ఉండేది.

రమణి అత్త ముఖం చూసింది, తరవాత ఆ పుట చూసింది. చూసి “అత్తా,” అంది. అంతే. ఆ ఒక్క మాటలో వద్దు అనీ ఉంది, నిజమా అనీ ఉంది.

“తెరిసమ్మా, పొద్దు వాలిపోతంది. కాయ రేపు కొట్టుకోవచ్చు. ఇంటికెళ్ళు.”

“నానుంటానప్పా, ఇలాటప్పుడు...”

“ఎళ్ళమ్మా. రేపు పిలుత్తాను.”

తెరిసమ్మ లేచింది. వెళ్ళేముందు వంగి ఈశ్వరమ్మ పాదాలను కాదు, చేతులను ముట్టుకుంది. “నీ కొడుకు ఇంటికొస్తా పోనాడప్పా. ఎల్తా పోనేదు,” అంది. అంతకంటే మంచి మాట ఆమె దగ్గర లేదు. ఆ మాటకు ఉపయోగమూ లేదు.

ఈశ్వరమ్మ లోపల్నుంచి అడ్డాకుల కట్ట తెచ్చుకుంది. ఆకు మడిచి, పుల్ల విరిచి గుచ్చింది. మామకు ఒకటి. అత్తకు ఒకటి. బావకు. మొగుడికి. ఏటా అక్కడ కట్ట మూసేసేది. ఈసారి ఇంకో ఆకు తీసింది. చిరుగు లేనిది, పురుగు తొలచనిది ఏరి ఏరి తీసింది. దాన్ని కుట్టడానికి మిగతా నాలుగింటికి పట్టినంత సేపు పట్టింది.

సంతబాట మలుపులో జీపు చప్పుడు వినిపించింది.

“అత్తా, ఇయ్యేళొద్దు,” అంది రమణి. “ఒక్కడే మిగిలాడు నీకు.”

“అందుకే.”

జీపు వాకిట్లో ఆగింది. ఇంజను ఆపకుండానే కామేష్ దిగాడు, భుజాన పచ్చి మామిడికాయల బుట్టతో.

“ఏటిది, సుత్తులన్నీ మూగబోనాయి? పుస్తకంలో పెద్దోడు ఇల్లు సేరిపోనాడేటి?” అన్నాడు నవ్వుతూ. “ఏ కాయా నోట్లో ఎట్టనేదమ్మా, ఒట్టు. హేమా, ఈ బుట్ట దించు. రెండు రోజుల నుంచి నోరూరిపోతంది.”

హేమలత కదల్లేదు. పుస్తకం దాని గుండెకు ఆనించి ఉంది.

అప్పుడు వాడి చూపు వసారాలో వరసగా పెట్టిన దొప్పల మీద పడింది. పెదవులు కదిలాయి. ఒకసారి లెక్కపెట్టాడు. మళ్ళీ లెక్కపెట్టాడు.

“అయిదున్నాయి,” అన్నాడు.

“అయిదే.”

“ఒప్పుకున్నావా అమ్మా?” వాడి ముఖంలో ఒక బరువు దిగింది. మూడేళ్ళుగా ఆ ముఖం అంత తేలిగ్గా ఆమె చూడలేదు. “ఆడికి ఇప్పటికైనా ముద్ద దొరుకుతాది. నానిప్పుడే పూజారికి సెప్పీసి వచ్చీస్తాను.”

“పూజారెందుకురా?”

“మరి...”

“పెద్దోడికి సిన్నోడే పెట్టాల. ఇది మన ఇంటి పద్ధతి.”

ఈశ్వరమ్మ అయిదో దొప్ప అందుకుని లేచింది. మోకాలు పట్టేసినా గుంజ పట్టుకోలేదు. మెట్టు దిగి వాడి ఎదురుగా నిలబడి దొప్ప ముందుకు చాచింది.

“రేపు కదమ్మా,” అన్నాడు కామేష్.

“రేపే. ఇయ్యేళ ఒక్క పాలి సేత్తో పట్టుకుని సూడు, అన్నకి సరిపోద్దో నేదో.”

వాడు తల్లిని చూశాడు. వదినను చూశాడు. చివరికి హేమలతను చూశాడు. దాని చూపుడువేలు పుస్తకంలో ఎక్కడుందో ఆ దూరం నుంచి కనిపించదు. అయినా వాడు అక్కడే చూస్తూ ఉండిపోయాడు. బుట్ట భుజం మీద నుంచి జారి, మామిడికాయలు వాకిట్లో మిరియాల మీదుగా దొర్లిపోయాయి. ఎవరూ వంగలేదు.

కామేష్ కుడి చెయ్యి ప్యాంటుకు తుడుచుకున్నాడు. మళ్ళీ తుడుచుకున్నాడు. బొటనవేలి గీతల్లో గ్రీజు అలాగే ఉంది.

“సెయ్యి మురికిగా ఉందమ్మా,” అన్నాడు.

“పర్లేదు. పట్టుకో.”

వాడి వెనక జీపు ఇంజను తిరుగుతూనే ఉంది. చాచిన చెయ్యి ఈశ్వరమ్మ దించలేదు.